స్పీకరు వైరు మారిస్తే పాట మారుతుందా?

మంచి యాంప్లిఫయరూ, దానికి తగిన జత స్పీకర్లూ కొనుక్కున్నవాళ్లకు చివర్లో ఒక చిన్న వస్తువు మిగిలిపోతుంది. ఆ రెంటినీ కలిపే వైరు. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్తే మీటరు పదుల రూపాయల్లో దొరికే వైరు ఉంటుంది. ఖరీదైన ఆడియో షోరూముకి వెళ్తే వేలల్లో పలికే వైరు ఉంటుంది. రెండూ లోహపు తీగలే. రెంటికీ రెండేసి కొసలే. అందుకే పాటలంటే ప్రాణం పెట్టే ప్రతివారూ ఏదో ఒకనాడు ఈ ప్రశ్న అడుగుతారు: వైరు మారిస్తే ఘంటసాల గొంతు మారుతుందా? మారితే ఎందుకు, ఎంత?

ఈ ప్రశ్న అడిగేవాళ్లను చూసి నవ్వే ఇంజినీర్లున్నారు. వాళ్ల నవ్వు నాకు నచ్చదు. ఇష్టమైన పాటను ఇంకాస్త బాగా వినాలన్న కోరికలో నవ్వవలసిందేమీ లేదు. కొలతలతో పనేమిటి, నా చెవే సాక్షి అనేవాళ్లూ ఉన్నారు. చెవి గొప్ప సాధనమే. అయితే దాన్ని సాక్షిగా నిలబెట్టేటప్పుడు పాటించవలసిన నియమాలు కొన్ని ఉన్నాయి. వాటి సంగతి తర్వాత చూద్దాం. ముందు వైరులో ఏం జరుగుతుందో తెలుసుకోవాలి.

తీగ చేసే పని

యాంప్లిఫయరు స్పీకరుకు పంపేది పాట కాదు, విద్యుత్తు. పాట పుట్టినప్పుడు గాలి ఎలా కదిలిందో దానికి నకలుగా వోల్టేజి పైకీ కిందికీ ఊగుతుంది. డోలు గుమికిలో ఆ ఊపు సెకనుకు కొన్ని పదులు. తాళాల గలగలలో పది వేలు దాటుతుంది. మనిషి చెవికి వినిపించే హద్దులు సుమారుగా 20 నుంచి 20,000 దాకా. స్పీకరులోని కాగితపు గరాటు వెనక సన్నని రాగి తీగ చుట్ట ఒకటి అయస్కాంతం నోట్లో వేలాడుతూ ఉంటుంది. దాన్ని వాయిస్ కాయిల్ అంటారు. విద్యుత్తు పారగానే చుట్ట ముందుకూ వెనక్కూ కదులుతుంది, గరాటు గాలిని నెడుతుంది, మనకు పాట వినిపిస్తుంది.

వైరు పని ఆ ఊపును ఉన్నదున్నట్టు అందించడం. అందులో అది ఎక్కడ తప్పగలదు? అన్నిటికన్నా ముఖ్యంగా, దారిలో కొంత వోల్టేజిని తానే తినేయగలదు. ప్రతి తీగకూ కరెంటును కొంత అడ్డుకునే గుణం ఉంటుంది. దాన్ని నిరోధం అంటాం, ఓమ్‌లలో కొలుస్తాం.

ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా ఉన్న బోరుకు సన్న సర్వీసు వైరు లాగిన రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. స్విచ్చి వేస్తే మోటారు మూలుగుతుంది గానీ తిరగదు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర నిండుగా ఉన్న వోల్టేజి మోటారు దగ్గరికి వచ్చేసరికి పడిపోయింది. మధ్యలో పోయినదంతా తీగను వేడి చేయడానికి ఖర్చయింది. దీనికి విరుగుడు కూడా ఆయనకు తెలుసు. లావు వైరు వెయ్యాలి, లేకపోతే దూరం తగ్గించాలి. స్పీకరు వైరులో జరిగేదీ అచ్చంగా ఇదే. యాంప్లిఫయరు ఇచ్చిన వోల్టేజిని తీగా స్పీకరూ తమ తమ నిరోధాల నిష్పత్తిలో పంచుకుంటాయి. స్పీకరుది పెద్దదై తీగది చిన్నదైతే దాదాపు అంతా స్పీకరుకే చేరుతుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. మన ఎలక్ట్రీషియన్లు రెండున్నర వైరు అనేదానిలో రాగి అడ్డుకోత 2.5 చదరపు మిల్లీమీటర్లు. ప్రమాణం ప్రకారం తయారైన ఈ ఫ్లెక్సిబుల్ వైరు నిరోధం కిలోమీటరుకు 8 ఓమ్‌లకు మించదు. స్పీకరు 5 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. విద్యుత్తు వెళ్లి రావాలి కాబట్టి తీగ పొడవు 10 మీటర్లు, నిరోధం 0.08 ఓమ్. స్పీకరుది 8 ఓమ్‌లు. అంటే తీగ తినేది నూటికి ఒక వంతు. శబ్దపు కొలత అయిన డెసిబెళ్లలో చెప్పాలంటే తగ్గుదల 0.1 కూడా లేదు.

అది వినిపిస్తుందా? మామూలుగా పాట వింటూ ఉంటే 1 డెసిబెల్ తేడాను పోల్చుకోవడమే కష్టం. ఒకే ముక్కను వెంటవెంటనే మార్చి మార్చి శ్రద్ధగా వింటే 0.2, 0.3 డెసిబెళ్ల తేడాను పట్టుకోగల చెవులున్నాయి. 0.1 అంతకంటే కిందిది.

ఇక్కడితో ఆగితే కథ తేలిక. కానీ స్పీకరు మీద రాసి ఉండే 8 ఓమ్‌లు అన్నది ఒక సగటు మాట మాత్రమే. స్వరం మారేకొద్దీ స్పీకరు అడ్డగింపు కూడా మారుతుంది. ఒకే స్పీకరు ఒక స్వరం దగ్గర 5 ఓమ్‌లకు దిగి, ఇంకో మంద్రస్వరం దగ్గర 30 ఓమ్‌లకు ఎక్కవచ్చు. దిగిన చోట తీగ ఎక్కువ వాటా లాక్కుంటుంది, ఎక్కిన చోట తక్కువ. అందువల్ల సన్న తీగ పాటను మొత్తంగా తగ్గించి ఊరుకోదు, ఒక స్వరాన్ని ఎక్కువగా, ఇంకొక స్వరాన్ని తక్కువగా తగ్గిస్తుంది. పాత ల్యాండ్‌లైన్ ఫోనుకు వాడిన అర మిల్లీమీటరు వ్యాసపు తీగతో ఇదే స్పీకరును ఇదే దూరంలో కలిపి చూడండి. తీగ నిరోధం 0.9 ఓమ్ దాకా పోతుంది. స్వరానికీ స్వరానికీ మధ్య తేడా 1 డెసిబెల్‌ను దాటుతుంది. ఇది వినిపిస్తుంది. వైరు మారిస్తే పాట మారింది అన్నమాట ఇక్కడ అక్షరాలా నిజం. రెండున్నర వైరుతో అదే తేడా 0.1 డెసిబెల్ దగ్గర ఆగిపోతుంది.

అమెరికాలో పేరున్న మెకింటాష్ ఆడియో కంపెనీలో స్పీకర్లు రూపొందించిన ఇంజినీరు రోజర్ రసెల్ ఒక సులువైన హద్దు చెప్పాడు: రానూపోనూ తీగ నిరోధం స్పీకరు ఓమ్‌లలో నూటికి 5 వంతులు మించకూడదు. 8 ఓమ్‌ల స్పీకరుకు ఇది 0.4 ఓమ్. ఆ లెక్కన ముప్పావు వైరును 7 మీటర్ల దాకా, ఒకటిన్నర వైరును 15 మీటర్ల దాకా, రెండున్నర వైరును 25 మీటర్ల దాకా లాగవచ్చు. 4 ఓమ్‌ల స్పీకరైతే ఈ దూరాలన్నీ సగమవుతాయి. నేనైతే ఈ హద్దును ఇంకా సగానికి కుదిస్తాను, ఎందుకంటే రాగి అంత ఖరీదేమీ కాదు. అలా కుదించినా 8 ఓమ్‌ల స్పీకరుకు రెండున్నర వైరు మన ఇళ్లలో ఏ హాలుకైనా సరిపోతుంది.

లావు తీగ గరాటును గట్టిగా పట్టి ఉంచుతుంది, మంద్రం బిగువుగా వస్తుంది అనే మాట కూడా దుకాణాల్లో వింటాం. దాని వెనక నిజమైన భౌతికశాస్త్రమే ఉంది. డోలు దెబ్బ ఆగిపోయాక కూడా గరాటు ఇంకాస్త ఊగాలని చూస్తుంది. ఊగుతూ ఉన్న చుట్ట తానే చిన్న జనరేటరై విద్యుత్తు పుట్టిస్తుంది. ఆ విద్యుత్తు తీగ గుండా యాంప్లిఫయరులోకి వెళ్లి తిరిగివస్తూ గరాటుకు బ్రేకు వేస్తుంది. అయితే ఆ చుట్టుదారిలో ఎవరి నిరోధం ఎంతో చూడండి. మంచి యాంప్లిఫయరుది 0.04 ఓమ్. తీగది 0.08. స్పీకరులోని చుట్టది దాదాపు 6 ఓమ్‌లు. బ్రేకు ఎంత గట్టిగా పడాలో నిర్ణయించేది ఆ 6 ఓమ్‌లే. తీగను రెట్టింపు లావు చేస్తే మొత్తంలో తగ్గేది 0.04 మాత్రమే.

అట్లాంటిక్ అడుగున పరిచిన తీగ

నిరోధం ఒక్కటేనా, తీగకు ఇంకే దోషాలూ లేవా అని అడగవచ్చు. ఉన్నాయి. వాటిని లోకం తెలుసుకున్నది పాటల వల్ల కాదు, టెలిగ్రాఫు వల్ల.

1858 ఆగస్టులో ఐర్లండు నుంచి న్యూఫౌండ్లండు దాకా అట్లాంటిక్ అడుగున మొదటి తీగ పరిచారు. విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడు బుకానన్‌కు పంపిన 98 మాటల సందేశం అవతలి ఒడ్డు చేరడానికి సుమారు 16 గంటలు పట్టింది. విద్యుత్తు నెమ్మదిగా నడిచినందువల్ల కాదు. రాగి తీగ చుట్టూ గట్టాపర్చా అనే చెట్టుజిగురు తొడుగు, దాని చుట్టూ సముద్రపు నీరు. అంత పొడవునా ఆ తీగ విద్యుత్తును దాచుకునే తొట్టిగా తయారైంది. ఇటునుంచి పంపిన ప్రతి సంకేతమూ ముందు ఆ తొట్టిని నింపాలి, తర్వాతి సంకేతం వెళ్లేలోగా అది ఖాళీ కావాలి. వెంటవెంటనే పంపితే ఒకదాని మీద ఒకటి పడి అలికినట్టయ్యేవి. విద్యుత్తును ఇలా దాచుకునే గుణమే కెపాసిటెన్స్, నిల్వగుణం అందాం.

ఈ ఆలస్యం తీగ పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుందని విలియం థామ్సన్, తర్వాతి కాలంలో లార్డ్ కెల్విన్ అని పేరొందినవాడు, తీగ వేయకముందే లెక్కగట్టి చెప్పాడు. తీగ పనులు చూసిన వైట్‌హౌస్ ఆ లెక్కను ఒప్పుకోలేదు. సంకేతం అందడం లేదని 2,000 వోల్టుల దాకా ఎక్కించాడు. మూడు వారాలకే తీగ మూగబోయింది.

రెండో దోషం ఇండక్టెన్స్. తీగలో కరెంటు మారబోతే దాని చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం ఆ మార్పును అడ్డగిస్తుంది. దీన్ని మొరాయింపు అనుకోండి. ఊపు వేగం పెరిగేకొద్దీ మొరాయింపు కూడా పెరుగుతుంది. ఈ గుణాలన్నిటినీ కలిపి దూరాల తీగల గణితం కట్టింది 1880లలో ఆలివర్ హెవిసైడ్. కాలేజీ చదువు లేకుండా సొంతంగా నేర్చుకుని అంత పని చేసిన మనిషి ఆయన.

ఖరీదైన స్పీకరు తీగల ప్రకటనల్లో కనిపించే బరువైన మాటలు చాలావరకు ఈ టెలిగ్రాఫు, టెలిఫోను గణితం నుంచి వచ్చినవే. గణితం తప్పు కాదు, అది పనిచేసే దూరాలు వేరు. పొడవు పదో వంతైతే ఆలస్యం నూరో వంతవుతుందని థామ్సన్ సూత్రమే చెబుతుంది. వేల కిలోమీటర్ల దగ్గర మొదలుపెట్టి మన హాలులోని 5 మీటర్ల దాకా ఆ లెక్కను దించుకుంటూ వస్తే మిగిలేదేమీ ఉండదు. ఇంకో విధంగా కూడా చూడవచ్చు. చెవికి అందే అతి పదునైన స్వరానికి, సెకనుకు 20,000 ఊపులదానికి, తీగలో ఒక్క అల పొడవే సుమారు 10 కిలోమీటర్లు. 5 మీటర్ల తీగకు ఆ అల ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలిసే అవకాశమే లేదు. డాబా మీది డిష్ నుంచి కిందికి దిగే కేబులు సంగతి వేరు. అందులో అల పొడవు జానెడు. కాబట్టి అక్కడ కేబులు రకం నిజంగానే లెక్కలోకి వస్తుంది.

మొరాయింపు మాత్రం చిన్న లెక్కకు అందుతుంది. పక్కపక్కన నడిచే జంట తీగలో మీటరుకు సుమారు 0.6 మైక్రోహెన్రీ ఉంటుంది. 5 మీటర్లకు 20,000 ఊపుల దగ్గర అది 0.4 ఓమ్‌ల అడ్డంకి. చూడటానికి పెద్దగా ఉన్నా ఇది స్పీకరు నిరోధంతో నేరుగా కలవదు, లంబకోణ త్రిభుజం భుజాల్లా దానికి లంబంగా కలుస్తుంది. మామూలు 8 ఓమ్‌ల స్పీకరుతో నష్టం డెసిబెల్‌లో నూరో వంతు. రెండు తీగల్నీ ఎడంగా వేలాడదీయకుండా దగ్గరగా, మెలిపెట్టి ఉంచితే ఇంకా తగ్గుతుంది.

మినహాయింపులు ఉన్నాయి, వాటిని దాచడం న్యాయం కాదు. ఎలక్ట్రోస్టాటిక్ అనే పలక స్పీకర్లలో కొన్ని పైస్వరాల దగ్గర 1 ఓమ్ దరిదాపులకు దిగిపోతాయి. వాటికి పొడవాటి ఎడం తీగ వేస్తే పైస్వరాలు తగ్గడం వినిపిస్తుంది. ఎన్నో సన్నతీగల్ని జడలా అల్లి మొరాయింపు తగ్గించిన ఖరీదైన కేబుళ్లలో నిల్వగుణం పెరుగుతుంది. కొన్ని యాంప్లిఫయర్లు అలాంటి తీగ తగిలితే నిలకడ తప్పి తమంత తామే ఊగడం మొదలుపెడతాయి, వేడెక్కుతాయి. ఇంగ్లండు కంపెనీ నెయిమ్ తన యాంప్లిఫయర్లకు తీగ కనీసం 3.5 మీటర్లు ఉండాలని చెప్పిందంటే కారణం ఇలాంటిదే. తీగ మొరాయింపు కూడా తన సర్క్యూట్లో భాగమని అది లెక్కవేసుకుంది. ఇలాంటి సామగ్రి ఉన్నవాళ్లు తయారీదారు పుస్తకం చదివి తీగ ఎంచుకోవాలి.

ప్రకటనల్లో ఇంకొక మాట స్కిన్ ఎఫెక్ట్. ఊపు వేగం పెరిగితే కరెంటు తీగ నడిబొడ్డు వదిలి పైపొరలో పారుతుందని దాని అర్థం. నిజమే. 20,000 ఊపుల దగ్గర రాగిలో ఆ పొర మందం సుమారు 0.47 మిల్లీమీటరు. ఒంటి తీగగా ఉన్న రెండున్నర వైరు వ్యాసార్ధం 0.9 మిల్లీమీటరు. కాబట్టి 0.08 ఓమ్ ఉన్న నిరోధం ఆ పైకొసన 0.1 దాకా పెరగవచ్చు. పక్కన 8 ఓమ్‌ల స్పీకరు ఉంటే ఈ పెరుగుదల ఎవరి చెవికీ అందదు.

రాగి, వెండి, రాగిలా కనిపించేది

లోహాల్లో విద్యుత్తును అన్నిటికన్నా బాగా పోనిచ్చేది వెండి. రాగికన్నా 5 లేక 6 శాతం మెరుగు. బంగారం రాగికన్నా తక్కువ. దాన్ని కొసలకు పూయడం చిలుము పట్టదనే. ఇక రాగి స్వచ్ఛత. 1913లో అంతర్జాతీయంగా ఒక ప్రమాణపు రాగి విద్యుత్తును పోనిచ్చే గుణాన్ని 100 అని పెట్టుకున్నారు. ఆక్సిజన్ తీసేసిన రాగి అని ప్రకటించే మేలురకం నేడు 101కి వస్తుంది. స్వచ్ఛత శాతం చివర ఇంకెన్ని తొమ్మిదులు చేర్చినా మన గదిలోని వేడిమి దగ్గర పెద్దగా పెరిగేదేమీ లేదు.

5 శాతం కోసం వెండి కొనడం కంటే రెండున్నర రాగికి బదులు నాలుగు వైరు కొంటే లోహమే 60 శాతం పెరుగుతుంది. అంతకన్నా ఆసక్తికరమైన సంగతి ఎండది. ఒక్కో డిగ్రీ వేడికీ రాగి నిరోధం నూటికి సుమారు 0.39 వంతు పెరుగుతుంది. జనవరి తెల్లవారుజామున విజయవాడలో 18 డిగ్రీలు ఉండి, మే మధ్యాహ్నం 43 అయితే, అదే తీగ నిరోధం 10 శాతం ఎక్కువవుతుంది. రాగికీ వెండికీ ఉన్న తేడాకు ఇది దాదాపు రెట్టింపు. ఎండాకాలం వచ్చిందని పాట రంగు మారిందని ఎవరూ అనగా నేను వినలేదు.

స్పీకరు లోపలి సంగతి చూస్తే ఇంకా తెలుస్తుంది. గట్టిగా పాట పెడితే వాయిస్ కాయిల్ నూరు డిగ్రీలు వేడెక్కడం మామూలే. అప్పుడు 6 ఓమ్‌ల చుట్ట 8 ఓమ్‌లు దాటుతుంది. శబ్దం రెండు డెసిబెళ్లకు పైగా తగ్గగలదు. ఆ చుట్ట వెంట్రుకంత సన్నని రాగి. దానికి ముందు మంద్రాన్నీ పైస్వరాన్నీ విడగొట్టే క్రాసోవరులో పది ఇరవై మీటర్ల తీగ చుట్టలు మామూలు రాగితోనే చుట్టి ఉంటాయి. ఒక్కో చుట్ట నిరోధం 0.2 నుంచి 0.5 ఓమ్. బయట ఎంత గొప్ప తీగ వేసినా పాట ఆ చుట్టల గుండా పోక తప్పదు.

తీగ మీద బాణం గుర్తు వేసి సంగీతం ఈ దిశలోనే పారాలి అని చెప్పే కంపెనీలున్నాయి. పాటలోని కరెంటు సెకనుకు వేలసార్లు ముందుకూ వెనక్కూ పోతుంది. దానికి ఒక దిశ అంటూ లేదు.

లోహం విషయంలో నిజంగా జాగ్రత్త పడవలసింది వేరే చోట. రాగి పూసిన అల్యూమినియం తీగ బజారులో విరివిగా దొరుకుతోంది. పారదర్శకమైన తొడుగులో ఎర్రగా మెరుస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో సీసీఏ అని ఎక్కడో చిన్నగా రాసి ఉంటుంది, కొన్నిసార్లు అదీ ఉండదు. అదే మందపు రాగి కన్నా దాని నిరోధం ఒకటిన్నర రెట్లు. రెండున్నర అని కొన్నది పనిలో ఒకటిన్నరకు కాస్త పైన నిలుస్తుంది. వంచితే త్వరగా విరుగుతుంది. గుర్తుపట్టడం కష్టం కాదు. కొసన ఒక పోగును బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. చేతిలో పట్టుకుంటే తేలిగ్గా ఉంటుంది. వెండి గురించి గంటసేపు చర్చించే మిత్రులు ఈ పోగు గీకి చూడకుండా వైరు కొనడం నాకు బాధ కలిగిస్తుంది.

చెవిని సాక్షిగా పిలిస్తే

లెక్కలన్నీ సరే, మార్చగానే నాకు తేడా వినిపించింది కదా అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లకు నిజంగా వినిపించింది. ప్రశ్న ఏమిటంటే, ఆ తేడా తీగ నుంచి వచ్చిందా?

వచ్చే దారులు చాలా ఉన్నాయి. పాత వైరు ఊడదీసి కొత్తది బిగించేటప్పుడు ఏళ్ల తరబడి చిలుము పట్టిన కొసలు పోయి శుభ్రమైన లోహం తగులుతుంది. ఇది నిజమైన మెరుగుదలే, పేరు మాత్రం కొత్త తీగకు పోతుంది. మార్చడానికి పట్టిన ఐదు నిమిషాల్లో చెవి జ్ఞాపకం చెదిరిపోతుంది. స్వరపు రంగులోని చిన్న తేడాల్ని మెదడు కొన్ని క్షణాలకు మించి నిలుపుకోలేదు. మళ్లీ కూర్చున్నప్పుడు తల ఒక జానెడు అటో ఇటో జరుగుతుంది. శబ్దం రవ్వంత పెరిగినా మనకు అది పెరిగినట్టు తోచదు, బాగున్నట్టు తోస్తుంది. వీటన్నిటికీ మించి, ఏ తీగ ఖరీదైనదో కంటికి ముందే తెలుసు.

అందుకే 1950లో బెల్ లాబొరేటరీస్‌లో మన్సన్, గార్డ్‌నర్ అనే ఇద్దరు ఒక పద్ధతి పెట్టారు. మొదటిది వినిపిస్తారు, రెండోది వినిపిస్తారు, తర్వాత ఆ రెంటిలో ఏదో ఒకటి చెప్పకుండా వినిపిస్తారు. ఇది మొదటిదా రెండోదా అని వినేవారు చెప్పాలి. 1982లో డేవిడ్ క్లార్క్ దీన్ని ఆడియో సామగ్రి పరీక్షకు అనువుగా తీర్చిదిద్దాడు.

ఈ దారిలో తీగలనూ పరీక్షించారు. అమెరికాలో 1970ల చివరిదాకా టేబుల్ ల్యాంపు వైరే స్పీకర్లకు వాడేవాళ్లు. లేజర్ ఇంజినీరుగా పనిచేసిన నోయెల్ లీ లావైన తీగను ప్రత్యేకంగా స్పీకర్ల కోసమే అమ్ముతూ మాన్‌స్టర్ కేబుల్ కంపెనీ పెట్టాక దానికొక పెద్ద బజారు ఏర్పడింది. 1983 ఆగస్టులో స్టీరియో రివ్యూ పత్రికకు లారెన్స్ గ్రీన్‌హిల్ ఆ లావు తీగనూ మామూలు ల్యాంపు వైర్లనూ శ్రోతల ముందు పెట్టి పోల్చాడు. మరీ సన్నటి వైరును శ్రోతలు పట్టుకున్నారు, ఎందుకంటే శబ్దమే తగ్గింది. ఓ మోస్తరు లావున్న ల్యాంపు వైరుకూ ఖరీదైన తీగకూ తేడాను సంగీతం వింటూ చెప్పలేకపోయారు. 1991లో ఫ్రెడ్ డేవిస్ రకరకాల తీగల్ని యాంప్లిఫయర్లతో, స్పీకర్లతో కలిపి కొలిచి ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో ప్రచురించాడు. మొరాయింపు తక్కువగా ఉన్న అల్లిక తీగలు కొలతల్లో మెరుగ్గానే కనిపించాయి. అయినా మూడు చదరపు మిల్లీమీటర్ల పైచిలుకు ఉండే మామూలు జంట వైరే ఇళ్లకు అవసరానికి మించి సరిపోతుందని ఆయన తేల్చాడు. ఒక తీగ నిజంగా మెరుగైనది కావడం ఒకటి, ఆ మెరుగు చెవికి అందడం ఇంకొకటి అని ఆయన వ్యాసం చక్కగా చూపిస్తుంది.

2007లో ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీ ఒక సవాలు విసిరాడు. 12 అడుగుల జత 7,250 డాలర్లు పలికే ఒక స్పీకరు తీగను సాధారణమైన మంచి తీగ నుంచి కళ్లతో చూడకుండా చెవితోనే వేరు చేసి చెబితే పది లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. మాటలు నడిచాయి గానీ ఆ పరీక్ష జరగలేదు. జరగని పరీక్ష ఏ పక్షానికీ రుజువు కాదు. కాని అలాంటి పరీక్షలో గెలిచి చూపడానికి తయారీదారులే ముందు ఉత్సాహపడాలి కదా అన్న ప్రశ్న మాత్రం మిగిలింది.

ఈ పరీక్ష మీరు ఇంట్లోనే చేసుకోవచ్చు. ఇంట్లో ఒకరు నాణెం ఎగరేసి ఏ తీగ పెట్టాలో నిర్ణయించి, మీకు చెప్పకుండా, కనబడకుండా మార్చాలి. మారినా మారకపోయినా అంతే సమయం తీసుకోవాలి, లేకపోతే అలికిడే గుట్టు బయటపెడుతుంది. ఒకే పాటలో ఒకే చరణం, ఒకే శబ్దం, తల ఒకే చోట. 16 సార్లు విని కాగితం మీద రాసుకోండి. ఊరికే గుడ్డిగా చెప్పినా సగటున 8 సరైనవవుతాయి. 12 లేక అంతకు మించి సరిగ్గా చెప్పడం అదృష్టం మీద జరిగే అవకాశం నూటికి 4 కన్నా తక్కువ. 12కు చేరితే మీకు తేడా వినిపిస్తోందని నేను నమ్ముతాను, ఆ తీగ నిరోధం కొలిచి కారణం వెతుకుతాను.

తేడా నిజంగా ఉన్న చోట్లు

ఎల్పీ రికార్డులు వినేవాళ్లకు ఒక వైరు నిజంగానే ముఖ్యం. స్పీకరుది కాదు, రికార్డు ప్లేయరు నుంచి యాంప్లిఫయరుకు వచ్చేది. ముల్లు పుట్టించే వోల్టేజి సుమారు 5 మిల్లీవోల్టులు, కొన్ని రకాల్లో అరకన్నా తక్కువ. అక్కడ కవచం లేని వైరు వాడితే ఇంటి కరెంటు హమ్మింగు పాటలోకి దూరుతుంది. ఎక్కువ వోల్టేజి ఇచ్చే రకంలో ముల్లు వెనక ఉన్న అతిసన్న చుట్టకు మొరాయింపు చాలా ఎక్కువ, కాబట్టి వైరులోని నిల్వగుణం దానితో కలిసి పైస్వరాలను ఉబ్బించగలదు, కుంగించగలదు. అందుకే తయారీదారులు 100 నుంచి 200 పికోఫారడ్‌లు అని స్పష్టంగా రాస్తారు. ఈ కొలత చూసి వైరు కొనడం అర్థవంతమైన పని.

రెండోది గది. మన ఇళ్లలో గచ్చు నున్నని టైల్స్, పైన కాంక్రీటు శ్లాబు, నాలుగు వైపులా ఖాళీ గోడలు. ఎదురెదురు గోడల మధ్య 3.4 మీటర్లుంటే 50 ఊపుల మంద్రస్వరం వాటి మధ్య నిలబడిపోతుంది. గోడ పక్కన కూర్చుంటే అది మితిమీరి వినిపిస్తుంది, గది మధ్యలో కూర్చుంటే దాదాపు మాయమవుతుంది. ఇక్కడ తేడాలు 10 డెసిబెళ్లు, ఒక్కోసారి అంతకు మించి. తీగల్లో మనం వెతుకుతున్నది 0.1. స్పీకర్లను గోడ నుంచి రెండడుగులు ముందుకు జరపడం, నేల మీద మందపాటి తివాచీ పరచడం, వెనక గోడకు పుస్తకాల అలమర పెట్టడం, ఇవి వింటున్న పాటను నిజంగా మారుస్తాయి.

కొనబోయే ముందు

హాలులో 8 ఓమ్‌ల స్పీకర్లకు రెండున్నర రాగి ఫ్లెక్సిబుల్ జంట వైరు చాలు. స్పీకరు 4 ఓమ్‌లదై దూరం 6 మీటర్లు మించితే నాలుగు వైరు తీసుకోండి. గోడలోంచి లాగేటట్టయితే పైపులో ఇంటి కరెంటు వైర్లతో కలపకుండా వేరే పైపు వేయించండి. ఇది పాట కోసం కాదు, ప్రాణభద్రత కోసం. రెండు స్పీకర్లకూ ఎరుపు ఎరుపుకూ, నలుపు నలుపుకూ బిగించండి. ఒకదానికి తారుమారైతే రెండు గరాట్లూ ఒకదానికొకటి ఎదురు కదిలి మంద్రం చచ్చిపోతుంది, గొంతు ఎక్కడినుంచి వస్తుందో తెలియకుండా పోతుంది. అనుమానముంటే యాంప్లిఫయరు నుంచి వైరు తీసేసి, ఆ కొసలకు ఒకటిన్నర వోల్టుల పెన్సిల్ సెల్లును క్షణంపాటు తాకించండి. సెల్లు ప్లస్ ఎరుపు తీగకు తగిలినప్పుడు పెద్ద గరాటు రెంటిలోనూ ఒకే వైపుకు కదలాలి. బిగించేటప్పుడు ఒక్క పోగు కూడా పక్క తీగను తాకకూడదు. తాకితే యాంప్లిఫయరు కాలిపోవచ్చు. విశాఖపట్నం, కాకినాడల్లో సముద్రపు గాలికి రాగి కొసలు త్వరగా పచ్చబడతాయి. అక్కడివాళ్లు అప్పుడప్పుడు కొసను అంగుళం కత్తిరించి, తొడుగు ఒలిచి, కొత్త రాగి తగిలేలా మళ్లీ బిగించుకోవాలి.

దుకాణదారును రెండే ప్రశ్నలు అడగండి. ఇందులో లోహం ఏమిటి? మీటరుకు నిరోధం ఎంత? ఈ రెంటికీ జవాబు చెప్పగలిగితే, ధర మీకు నచ్చితే, ఏ కంపెనీదైనా కొనండి. చెప్పలేకపోతే పక్కనే ఉన్న ఎలక్ట్రికల్ షాపులో రెండున్నర రాగి వైరు కొనుక్కుని, మిగిలిన డబ్బు మెరుగైన స్పీకర్లకు పెట్టండి.